చెరువు నడక

మా మామ సోమయ్య నడకను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. ఇబ్రహీంపట్నం బస్టాండులో వందమంది మధ్య నుంచి వస్తున్నా సరే. కాలు ఎత్తి వేయడు. అరికాలు నేలను వదలకుండా ముందుకు జరుపుతాడు, బరువు మోపే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, ఆ తర్వాతే రెండో కాలు. మోకాళ్లు కొంచెం వంగి ఉంటాయి, చేతులు ఒంటికి కాస్త ఎడంగా ఉంటాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఈయన కాళ్లకు ఏదో అయిందనుకున్నాను. ఒకరోజు మా ఇంటాయనను అడిగితే నవ్వాడు.

"అది చెరువు నడక. నీళ్లల్ల కాలెత్తి వేస్తే ఏడ పడ్తదో తెల్వది. గుంత ఉంటది, తుమ్మముండ్లు ఉంటయి, సీసపెంకులు ఉంటయి. కాలుతోనే తడుముకుంట పోవాలె. బాపుకు అదే అలవాటైంది. రోడ్డు మీద గూడ నీళ్లల్ల ఉన్నట్టే నడుస్తడు."

పెద్దచెరువులో నీళ్లున్న రోజుల్లో మామ నడుములోతు నీళ్లలో వల పట్టుకొని పొద్దంతా నిలబడేవాడట. నేను వచ్చేసరికే చెరువు ఎండుతూ ఉంది. తర్వాత ఏళ్ల తరబడి నిండలేదు. చుట్టుపక్కల భూములు ప్లాట్లయ్యాయి, సాగర్ రోడ్డు పొడుగునా కాలనీలు లేచాయి. చేపలు పట్టే ఇళ్ల పిల్లలంతా వల వదిలి సిటీ పనుల్లో పడ్డారు. మా ఇంటాయన బాలనర్సింహ తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పనికి పోయేవాడు. మరిది ఐలేష్ ప్లంబింగ్ నేర్చుకొని బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉంటున్నాడు. మామ ఒక్కడే వల వదల్లేదు. వేరే ఊళ్ల చెరువుల్లో చేపలు పట్టేవాళ్లు చినిగిన వలలు తెచ్చి పడేస్తే, వాకిట్లో కూర్చొని బాగుచేసి ఇచ్చేవాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించుకొని, ఆ కాలు చాపి, ఎండ తన మీదికి వచ్చేదాకా కదిలేవాడు కాదు.

ఒక ఎండాకాలం పొద్దున మా ఇంటాయన పనిలో ఉండగా ఛాతీలో నొప్పి అని ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు.

మాకు కొడుకులు లేరు. ఉన్న ఒక్క బిడ్డ పెళ్లయి పోయింది. కొరివి ఐలేష్ పెడతానన్నాడు కానీ మామ ఒప్పుకోలేదు, తనే పెట్టాడు. అక్కడి నుంచి నడిచి వచ్చి ముందు గదిలో మంచం మీద కూర్చున్నాడు. దినాలు అయ్యేదాకా కూర్చున్నాడు. అయిన తర్వాత కూడా కూర్చున్నాడు. వలలు ఎవరైనా తెస్తే చేత్తోనే వద్దన్నాడు. నాకు మాత్రం లేవబుద్ధి అయిందా? పొయ్యి ఉంది కాబట్టి లేచాను.

వానలు మొదలవగానే మామకు జ్వరం పట్టుకుంది. తగ్గేసరికి మనిషి సగమయ్యాడు. మా ఇంటి మరుగుదొడ్డి వెనక వాకిలి చివర ఉంటుంది. అక్కడిదాకా షాబాదు బండలు పరిచి ఉన్నాయి. ఒక పొద్దున మామ అటు పోతూ బండ అంచు తగిలి బోర్లా పడ్డాడు. నేనూ, గోడ అవతలి బుగ్గమ్మ అక్కా కలిసి లేపి తెచ్చాం. ఐలేష్ వచ్చి దవాఖానకు తీసుకుపోయి ఎక్స్‌రే తీయించాడు. ఎముకలు ఎక్కడా విరగలేదన్నారు. ఆ మాట విని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ తర్వాత అందరం కలిసి ఆయనను కూర్చోబెట్టేశాం.

చూడవచ్చిన ప్రతి ఒక్కరిదీ అదే మాట. బుగ్గమ్మ అక్క అందరికంటే గట్టిగా చెప్పింది.

"సోమన్నా, చేసినంత చేసినవ్, ఇగ ఉత్తగ కూసో. నువ్వు కాలు కింద పెట్టినట్టు నాకు తెలిస్తే నిన్నేమన, మీ కోడలిని తిడ్త."

"నన్నే తిట్టు. దానిదేమున్నది" అన్నాడు మామ.

"నిన్ను తిడ్తే ఇనవు గదనే."

ఐలేష్ ఒక కుర్చీ కొనుక్కొచ్చాడు. మధ్యలో రంధ్రం, కింద మూత ఉన్న బకెట్టు. ముందు గదిలో మంచం పక్కనే పెట్టి, "బాపూ, ఇగ వెనకకు పోవుడు బంద్. అన్నీ ఈడనే" అన్నాడు. ప్రేమతోనే తెచ్చాడు. మామ ఆ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు, గోడ వైపు తిరిగాడు.

మా ఇళ్లలో కోడలు మామ ముందు మంచం మీద కూర్చోదు. ముఖంలోకి చూసి మాట్లాడదు. అన్నం పెట్టానని చెప్పాలన్నా గుమ్మానికి చెప్పినట్టు చెబుతాం, అది విని వాళ్లు లేచి వస్తారు. ఇన్నేళ్లలో నా చేయి మామ చేతికి తగిలిందంటే ఆయన పడ్డ ఆ రోజే. అలాంటి ఇంట్లో ఆ బకెట్టు తీసి పారబోయాల్సింది నేను. ఆ సంగతి కుర్చీ తెచ్చిన ఐలేష్‌కు తట్టలేదు, నాకూ తట్టలేదు. నాకు అది పనుల్లో మరో పని, అంతే. మామకు తట్టింది.

రోజులు గడిచేకొద్దీ ఆయన తిండి తగ్గించాడు. పెట్టింది సగం వదిలేస్తాడు. పెదవులు పగిలాయి. మంచం దిగి నిలబడబోతే కళ్లు తిరిగి మళ్లీ కూలబడతాడు. కొడుకు బెంగ అనుకున్నాం. బెంగకు మందేమి ఉంటుందని ఊరుకున్నాం. మంచం పక్కన నేను పెట్టే చెంబులో నీళ్లు మాత్రం రోజూ అయిపోయేవి. అందుకని నీళ్ల గురించి ఆలోచనే రాలేదు.

ఒకరోజు బుగ్గమ్మ అక్క గోడ మీద నుంచి పిలిచింది.

"చెల్లే, మీ సొరపాదుకు సాగర్ కాలువ గిట్ల తవ్వించినవా? వానల్లేక మా పాదు ఎండిపాయె. మీదేమో గోడ దాటి మా ఇంట్లకొచ్చింది."

"నేను పోస్తలేనక్కా నీళ్లు."

"మరి ఎవరు పోస్తుండ్రు? పొద్దు పొద్దుగాల మీ కిటికీల నుంచి చెంబు బయటికొస్తది. మల్ల మాపటీలి వస్తది. నేను రోజు చూస్త."

ఆ కిటికీ మామ మంచం పక్కది. తాగితే పోవాలి, పోతే కోడలు ఎత్తిపోయాలి. ఆ మనిషి దాహాన్ని చంపుకొని కూర్చున్నాడు. వెళ్లి అడుగుదామంటే ఎలా అడగాలి? ఏ మాటతో మొదలుపెట్టాలి? వంటింట్లో నిలబడి చాలాసేపు ఉత్త గిన్నెలే తోమాను.

ఆ వారంలోనే మా బస్తీకి దవాఖాన బండి వచ్చింది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తిరిగే బండి. అందులో నిర్మల అని ఒక అమ్మాయి ఉంది, కాళ్లూ చేతులూ కదిలించే వైద్యం చేసే ఆమె. ఉండేది తుర్కయాంజాల్. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా మామ మంచం పట్టె మీదే కూర్చుంది. నాలుక చూపించమంది. ముంజేతి మీది తోలు పట్టి వదిలింది. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మళ్లీ చూసింది.

"తాతా, నీళ్లు తాగుతున్నవా?"

"మస్తు తాగుత."

"ఒంటేలుకు మంచిగ పోతున్నవా?"

నేను వంటింట్లోకి తప్పుకున్నాను. మామ చెప్పడని తెలుసు. లోపలి నుంచి నేనే అన్నాను.

"ఆ నీళ్లు సొరపాదు తాగుతున్నది మేడం."

ఆ తర్వాత నిర్మల నెమ్మదిగా మాట్లాడటం వినబడింది.

"నీకు జబ్బేం లేదు తాతా. కూసుంటే కూసుంటే కాళ్ల కండ కరిగిపోయింది. పెద్దోళ్లకు జల్ది కరుగుతది. పని పెడ్తే మల్ల వస్తది. నీళ్లు తాగకపోతే మాత్రం లేవంగనే బీపీ పడిపోతది, నువ్వు గూడ పడిపోతవ్."

"పడ్డ గాబట్టే కూసున్న బిడ్డా."

"కూసుంటే ఇంకోసారి పడ్తవ్. సరే, నీకేం గావాలె చెప్పు. ఏం చెయ్యగలిగితే నీకు మంచిగనిపిస్తది?"

మామ చాలాసేపు ఆలోచించి చెప్పాడు.

"వెనకకు నేనొక్కన్నే పోయి నేనొక్కన్నే రావాలె. గంతే. ఇంకేమొద్దు."

"అయితే గదే చేద్దాం. అక్కా, జర రా. ఇట్ల తాత ముందట నిలబడి రెండు చేతులు పట్టుకో. తాత లేస్తుంటే..."

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మామ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"మా ఇండ్లల్ల కోడలు గట్ల పట్టుకోదు బిడ్డా. వద్దు."

"ఇంట్ల ఇంకెవరున్నరు?"

"ఎవరు లేరు" అన్నాడు మామ.

నిర్మల కోప్పడలేదు. ఇంటింటికీ తిరిగే పిల్ల కదా, ఇలాంటివి చూసే ఉంటుంది. వెనక నుంచి పట్టుకునేందుకు ఒక బెల్టు ఉంటుందని, ఈసారి వచ్చేటప్పుడు తెస్తానని చెప్పబోయింది. మామ మధ్యలోనే అందుకున్నాడు.

"నడుముకా? గట్లంటే తాడు చాలు. చెరువుల కొత్తగ దిగే పోరగానికి నడుముకు తాడు కడ్తం. ఒకడు గట్టు మీద కొస పట్టుకొని ఉంటడు. వాడు లోతుకు పోతే గుంజుతడు. తాడు పట్టుకుంటే మనిషిని పట్టుకున్నట్టు గాదు."

"తాడు కోస్తది తాతా. ఎడల్పు గుడ్డ గావాలె."

ఉతికిన పంచె ఒకటి అడిగి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, బనీను మీద నడుముకు బిగించి కట్టింది. వెనక ముడి దగ్గర నా చేయి ఎలా దూర్చాలో చూపించింది, అరచేయి పైకి ఉండేలా. నేను మామ వెనక నిలబడ్డాను. ఆయన ముఖం నాకు కనబడదు, నా ముఖం ఆయనకు కనబడదు. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

మంచం కుంగిపోయి ఉంది, అంత కింద నుంచి లేవడం కష్టమని నిర్మల దాని కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. ఎత్తు మంచం మీద నుంచి చేతులు ఆనించకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి, మళ్లీ లేవాలి. కిటికీ ఊచలు పట్టుకొని మడమలు లేపి మునివేళ్ల మీద నిలబడాలి. పక్కకు అడుగులేయాలి. కొంచెం బలం వచ్చాక ఒంటికాలి మీద. నీళ్లు తాగాలి, గుడ్డు తినాలి, పప్పు తినాలి, చేపలు ఎలాగూ మాకు చెప్పనక్కర్లేదు. మంచం దిగే ముందు కాళ్లు కిందికి వేలాడదీసి కాసేపు కూర్చోవాలి, లేస్తూనే నడవకూడదు.

ఆ రంధ్రం కుర్చీని ఆమే ఎత్తుకుపోయి మరుగుదొడ్డిలో గుంత మీద వేసింది. బకెట్టు తీసి బయట పెట్టింది. "కింద కూసొని లేచుడు ఇప్పుడే గాదు. దీని మీద కూసో. కాని ఈడికొచ్చి కూసో" అంది. మామ ఆ కుర్చీని మొదటిసారి శత్రువును చూసినట్టు కాకుండా చూశాడు.

ఆదివారం ఐలేష్ వచ్చేసరికి మేం వెనక వాకిట్లో ఉన్నాం. మామ ముందు, పంచె పట్టుకొని వెనక నేను. ఐలేష్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందిది వదినే? ఎద్దును తోలినట్టు తోలుతున్నవ్ బాపును."

"డాక్టరమ్మ చెప్పింది."

"పడితే ఆమె వస్తదా లేపనీకి? ఆమెకేం, చెప్పిపోతది. ఒక్క బొక్క ఇరిగిందంటే మంచంలనే సచ్చిపోతడు." అన్న పోయి ఆరునెలలు కూడా కాలేదు. "బాపూ, నేనొకటి అనుకున్న. వదినెతోని ఇయన్ని చేపించుకునుడు నీకు మంచిగనిపిస్తలేదు, నాకు తెలుసు. నా దగ్గరికి రా. రెండో అంతస్తే గాని గదిలనే బాత్రూం ఉన్నది. నేను చేస్త అన్ని."

"నువ్వు పొద్దున పోతే రాత్రికొస్తవ్" అన్నాడు మామ.

"అయితే రాకపోయి ఏం చేస్తవ్? ఇట్లనే తాడు కట్టించుకొని తిరుగుతవా?"

మామ నిలబడే ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి, పంచెలోంచి నా చేతికి తెలుస్తోంది.

"దసరా దాక చూడు. అప్పటికి నేనొక్కన్నే పోయి రాకపోతే నీ ఎంబడి వస్త."

రెండో అంతస్తు మెట్లు ఎక్కిన ఆ కాళ్లు మళ్లీ కిందికి దిగవని ముగ్గురికీ తెలుసు. ఐలేష్ లోపలికి పోయాడు. సాయంత్రం పోయే ముందు మాత్రం డ్రిల్లింగ్ మిషను తెచ్చి, మరుగుదొడ్డి గోడకు చేతికి అందేట్టు ఒక ఇనుప పైపు బిగించాడు. పట్టుకొని ఊగి చూశాడు. తన బరువంతా వేసి మళ్లీ చూశాడు.

మొదట్లో నేను తప్పుగా పట్టుకునేదాన్ని. మామ కాస్త తూలితే చాలు, భయంతో వెనక్కి లాగేదాన్ని. అలా లాగీ లాగీ ఆయన నా చేతి మీద వాలడం అలవాటు చేసుకున్నాడు. మళ్లీ వచ్చినప్పుడు అది చూసి నిర్మల అంది.

"అక్కా, పట్టుకోవాలె గాని గుంజొద్దు. తాత తూలనీ. తూలితేనే కాళ్లు సంభాళించుకునుడు నేర్చుకుంటయి. పడ్తున్నడు అన్నప్పుడే పట్టు."

"తూలుడుకు పడుడుకు తేడా ఎట్ల తెలుస్తది మేడం?"

మామ నవ్వాడు. కొడుకు పోయాక నవ్వడం అదే మొదలు. "నాకు తెలుస్తది బిడ్డా. నేను చెప్త. నువ్వు వదులుగ పట్టు."

అంత చేసినా బండల మీదికి వచ్చేసరికి మామ కాలు ఎక్కడో ఒకచోట తట్టుకునేది. కాళ్లకు బలం వస్తోంది, లేవడం కూర్చోవడం బాగానే ఉంది, నడకలోనే తేడా. నిర్మల మరుగుదొడ్డి దగ్గర బండ మీద గొంతుక్కూర్చొని, ఆయన వస్తుంటే పాదాలనే చూసింది. మళ్లీ నడవమంది. మళ్లీ చూసింది.

"తాతా, నువ్వు కాలు ఎత్తుతనే లేవు. రాసుకుంట వస్తున్నవ్. బండ అంచు వస్తే వేలు తగులుతది. మొన్న పడ్డది గూడ గిందుకే."

"కాలెత్తితే ఎట్ల? ఏడ పెడ్తున్ననో తెలియాలె గద."

"కండ్లున్నయి గద తాతా, చూసి పెట్టు."

"నీళ్లల్ల కండ్లు పనిచెయ్యయి."

"నీళ్లేడున్నయి?"

మామ కిందికి చూశాడు. ఎండిన బండలు. ఆ చూపు నేను మరిచిపోలేను. బలం ఉన్నన్నాళ్లూ ఆ చెరువు నడక ఆయనను రోడ్ల మీద కూడా మోసింది. బలం తగ్గేసరికి అదే పడేసింది. పసివాడప్పటి నుంచీ నేర్చిన నడకను ఈ వయసులో విడిచిపెట్టమంటోంది ఆ పిల్ల.

"నాకు రాదు బిడ్డా. ఇప్పుడు కొత్త నడక ఏడికెల్లి తేవాలె?" అన్నాడు.

నిర్మల వాదించలేదు. నన్ను ముగ్గుపిండి తెమ్మని, ప్రతి బండ అంచునా తెల్లటి గీత గీసింది. "గీత వస్తే మోకాలు పైకి లేపి దాటు. మిగిలిన కాడ నీ ఇష్టం" అంది. మామ ఆ గీతల మీద కొంగలా కాలెత్తి నడుస్తుంటే బుగ్గమ్మ అక్క గోడ మీద గడ్డం ఆనించి చూసేది.

"సోమన్నా, పిల్లకోడి నడక నేర్చినట్టున్నది."

"నువ్వు నేర్పుతవా ఏంది?"

"నాకే మోకాళ్లు లెవ్వు, నీకేం నేర్పుదు" అనేది. కానీ రెండోనాటి నుంచి తను కూడా గోడ పట్టుకొని మడమలు లేపడం మొదలుపెట్టింది. ఎవరైనా చూస్తే మాత్రం పాదు చూస్తున్నట్టు నటించేది.

గీతలు వానకు పోయేవి. నేను మళ్లీ గీసేదాన్ని. మా ఇంట్లో మనిషి పోయిన ఏడు, వాకిట ముగ్గు వేయని ఏడు, వెనక వాకిట్లో మాత్రం రోజూ పిండి గీతలు గీశాను.

అలా నడుస్తుండగా ఒక పొద్దున మామ వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"బాలనర్సింహకు గూడ ఇట్లనే కట్టిన."

ఇంట్లో ఆ పేరు ఎవరం పలకడం లేదు అప్పటికి.

"నడుముకు తాడు కట్టి చెరువుల దింపిన. నేను గట్టు మీద ఉన్న. నీళ్లల్ల మునిగి తాడు ఇప్పుకొని, ఆడెక్కన్నో తేలిండు. నా చేతిల ఉత్త తాడున్నది. నా పాణం పోయింది. బయటికొచ్చినంక మస్తు కొట్టిన. కొట్టుకుంట ఏడ్సిన."

గీత వచ్చింది. కాలెత్తి దాటాడు.

"నువ్వు ఏడుస్తవా బిడ్డా, ఎప్పుడన్న?"

"ఏడుస్త మామ."

"నాకు ఇనపడదు."

"నల్లా ఇప్పి ఏడుస్త."

మామ ఆగాడు. నా చేతిలోని పంచె కొంచెం కదిలింది, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు. "నల్లా ఎందుకు, ఏడువ్" అన్నాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేదాకా నేను ఏడుస్తూనే నడిచాను. ఆయన వెనక్కి తిరగలేదు, ఆగలేదు, వద్దనలేదు.

బతుకమ్మ పండుగ దగ్గరపడేసరికి మంచం కింది ఇటుకలు ఒక్కొక్కటిగా తీసేశాం. నడుముకు పంచె కట్టుకుంటున్నాడు కానీ నా చేతికి బరువు తెలియడం లేదు. నిర్మల అప్పుడు ఇంకో కొత్త పాఠం తెచ్చింది. పడితే ఎలా లేవాలో నేర్పుతానంది. మామకు కోపం వచ్చింది.

"పడకుండ నడుసుడు నేర్పినవ్ గద. ఇప్పుడు పడుడు ఎందుకు?"

"ఎవరన్న పడ్తరు తాతా. నేను గూడ పడ్త. లేవనీకి రాకపోతేనే ముసీబతు."

నేల మీద చాప వేసి తను పడుకుని చూపించింది. ముందు కదలకుండా ఉండి ఎక్కడ నొప్పి ఉందో చూసుకోవాలి. మెల్లగా పక్కకు దొర్లాలి. మోచేయి మీద లేచి, చేతులూ మోకాళ్లూ ఆనించి, గట్టిగా ఉన్నదాని దగ్గరికి పాకాలి. దాని మీద చేతులు పెట్టి, ఒక పాదం ముందుకు వేసి లేవాలి. మామ చాప మీద చేతులూ మోకాళ్లూ ఆనించి తలెత్తినప్పుడు, గుమ్మంలో నేను కనబడ్డాను. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. నేను గబుక్కున పొయ్యి దగ్గరికి పోయాను. ఆ తర్వాత ఆ పాఠం ఎప్పుడు చేసినా నన్ను బుగ్గమ్మ అక్క ఇంటికి పంపించేవాడు.

పండుగ ముందు ఒక మధ్యాహ్నం మక్కలు పట్టించడానికి గిర్నీకి పోయాను. కరెంటు లేక అక్కడ ఆలస్యమైంది. అంతలో వాన కొట్టి వెలిసింది. ఇంటికి వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. నడుముకు కట్టే పంచె మంచం మీదే ఉంది, మడత విప్పకుండా.

పిండి గిన్నె దించి వెనక్కి పరుగెత్తాను. వాకిట్లో ఎవరూ లేరు. నడుమ బండ మీద బురదలో పొడుగ్గా జారిన గుర్తు ఉంది. దాని పక్కన మనిషి పడ్డంత మేర బురద చెదిరి ఉంది. అక్కడి నుంచి రెండు అరచేతుల గుర్తులు, మోకాళ్ల గుర్తులు, మళ్లీ అరచేతులు. అవి బట్టలుతికే బండ దాకా పోయాయి. బండ మీద రెండు చేతుల బురద, పక్కపక్కన. ఆ తర్వాత చేతుల గుర్తులు లేవు. పాదాలే ఉన్నాయి. మరుగుదొడ్డి వైపు పోయాయి.

తలుపు వేసి ఉంది. లోపల నల్లా కింద బకెట్టు నిండుతున్న చప్పుడు.

నాకు పిలవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. పిలవలేదు. వంటింట్లోకి పోయి, పొయ్యి వెలిగించకుండానే దాని ముందు నిలబడ్డాను. కాసేపటికి తలుపు తీసిన చప్పుడు, పాదాల చప్పుడు. కాలెత్తి వేస్తున్న చప్పుడు, ఆగుతూ, ఆగుతూ. మంచం కిర్రుమంది.

"వచ్చినవా బిడ్డా? జర పంచె ఇంకొకటి ఇయ్యి. తడిసింది" అన్నాడు.

ఇచ్చాను. మోకాలు గీరుకుపోయి ఉంది. వేడినీళ్లు, పసుపు పళ్లెంలో పెట్టి మంచం పక్కన ఉంచాను. ఆయన తనే తుడుచుకున్నాడు.

దసరా నాడు ఐలేష్ వచ్చాడు. వస్తూనే కళ్లు మామ మోకాలి మీద పడ్డాయి.

"మల్ల పడ్డవా?"

"పడ్డ."

"ఎప్పుడు? వదినే, నువ్వేడున్నవ్? ఎవరు లేపిండ్రు?"

"లేచిన" అన్నాడు మామ.

ఐలేష్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మామ కాళ్లు మంచం మీద నుంచి కిందికి వేలాడదీసి, కాసేపు కూర్చొని, చేతులు ఆనించకుండా లేచి నిలబడ్డాడు. నడుముకు ఆ పంచె కట్టలేదు. నేను వెనక పోలేదు. వెనక గుమ్మం దాటి, బండల మీద నడిచాడు. గీతలున్న చోటా లేని చోటా కాలెత్తే వేశాడు. మధ్యలో ఒకసారి తూలాడు. ఐలేష్ ముందుకు ఉరకబోతే నేను చేయి అడ్డం పెట్టాను. మామ కాళ్లే ఆయనను నిలబెట్టాయి. పోయి తలుపు వేసుకున్నాడు.

ఐలేష్ గుమ్మంలో కూర్చొని ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "నేను పడ్తడనే అనుకున్న వదినే" అన్నాడు. "పడ్డ మనిషి లేస్తడని అనుకోలే."

బడంగ్‌పేట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మాలో భర్త పోయిన తర్వాత ఆడమనిషిని తల్లిగారు తీసుకుపోయి కొన్ని రోజులు దగ్గర ఉంచుకుంటారు. మా అమ్మ యాచారం అవతల ఉంటుంది. ఎన్నిసార్లు కబురు పంపినా మామను వదిలి పోలేక రాలేనన్నాను. దసరా పోయిన మర్నాడు మామే ఆ మాట ఎత్తాడు. ఈసారి గుమ్మానికి కాదు, నా ముఖం చూసి చెప్పాడు.

"మీ అమ్మ కాడికి పోయి రా బిడ్డా. నాలుగొద్దులు ఉండు. ఇంకిన్ని ఎక్కువైనా ఉండు."

"మీ అన్నం..."

"బుగ్గమ్మ పెడ్తది. తిడ్త తిడ్త పెడ్తది. నా పని నేను చేసుకుంటున్న గద. ఇంకేం ఫికరు నీకు?"

నేను రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. యాచారం మీదుగా పోయే ఆటోలో ఓ పక్కగా చోటు దొరికింది. చౌరస్తా దాటకముందే కళ్లు మూతలు పడ్డాయి. ఎండాకాలం నుంచి అంత గాఢంగా నిద్రపోయిన గుర్తు లేదు. పక్కన కూర్చున్న ఆమె భుజం తట్టి లేపేసరికి మా ఊరి మలుపు ఎప్పుడో దాటిపోయింది. డ్రైవరు విసుక్కుంటూ ఆపాడు. సంచి భుజాన వేసుకొని దిగాను. ఎండ ఉంది, దారి ఉంది. వెనక్కి నడిచాను.